గేర్‌బాక్స్ మార్చాలంటున్నారు, ఒప్పుకోవాలా?

కావలి నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఎడమ మోకాలి కీలు అరిగిపోయిందనీ, క్లచ్ తొక్కడం మానుకోమనీ డాక్టరు చెప్పినందువల్ల ఆమె 2018లో నెల్లూరులో ఒకరి దగ్గర 2012 మోడల్ చిన్న ఆటోమేటిక్ కారు కొన్నారు. నాలుగు గేర్ల పాత రకం గేర్‌బాక్స్. ఉదయగిరి రోడ్డు వైపు ఉన్న బడికి రోజూ అందులోనే వెళ్లివస్తున్నారు. లక్ష కిలోమీటర్లు దాటిన ఆ కారు కొంతకాలంగా ఆమెను ఇబ్బంది పెడుతోంది.

పొద్దున్నే స్టార్ట్ చేసి లివర్‌ను డి (ముందుకు నడిపే స్థానం) లోకి లాగితే రెండు మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు బండి కదలదు, ఆపైన వెనుకనుంచి ఎవరో నెట్టినట్టు ఒక్క ఉదుటున కదులుతుంది. ఎండలో హైవే మీద అరగంట నడిచాక రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిను గట్టిగా అరుస్తుంది గానీ వేగం పెరగదు. మలుపు తిరుగుతున్నప్పుడు ఒక్కోసారి బండి పట్టు వదిలేసినట్టు అనిపిస్తుంది. ఒకనాడు ముసునూరు టోల్ ప్లాజా దగ్గర ఆగి కదలబోతే, ఎంత యాక్సిలరేటర్ తొక్కినా బండి బరువుగా పాకుతూ పోయింది. పక్కకు ఆపి, ఇంజిను కట్టేసి మళ్లీ తీస్తే మామూలైంది. అప్పుడు వెలిగిన ఇంజిను లైటు రెండు రోజుల తరువాత దానంతటదే ఆరిపోయింది. మరోసారి అసలే కదలకపోతే తాడు కట్టి షెడ్డుకు లాగించారు.

షెడ్డు వారు ఆమె మరిదిగారి స్నేహితులు. బండిని ఒక చుట్టు తిప్పి చూసి, గేర్‌బాక్స్ పోయిందనీ, వాడిన గేర్‌బాక్స్ తెప్పించి బిగించడానికి 85,000 రూపాయలవుతుందనీ చెప్పారు. మరో మెకానిక్ ఆయిల్ మారిస్తే చాలన్నాడు. బెంగళూరులో ఉన్న కుమారుడు బండిని వదిలించుకోమంటున్నాడు, బ్రోకరు ఉన్నదున్నట్టుగా 1,40,000 ఇస్తానంటున్నాడు. బాగు చేయించి ఉంచుకోమన్నది భర్తగారి మాట. మరిదిగారు తెచ్చిన మెకానిక్‌ను కాదని ఇంకొకరి దగ్గరికి పోతే ఇంట్లో మాట పట్టింపు వస్తుందేమోనని ఆమె జంకుతున్నారు. ఉత్తరం చివరి పేజీలో, పనికొస్తాయో లేదో అంటూనే, మరి రెండు సంగతులు చేర్చారు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు ఆ కారు నెల్లూరులో అక్కగారి ఇంటి ముందు చక్రాలు సగం మునిగేంత నీళ్లలో నిలబడిందట. రెండు నెలల కిందట మామూలు సర్వీసింగులో గేర్ ఆయిల్ తగ్గిందని అర లీటరు ఎర్ర ఆయిల్ పోశారట. వచ్చే నెల ఈ కారులోనే తిరుమలకు వెళ్లవచ్చా అన్నది ఆమె చివరి ప్రశ్న.

సమాధానం

పనికొస్తాయో లేదో అని మీరు చివర చేర్చిన ఆ అర లీటరు సంగతే, నా ఉద్దేశంలో, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట. ఇంజిను తన ఆయిల్‌ను కొంత కాల్చుకోవచ్చు, పెట్రోలు ఎలాగూ ఖర్చవుతుంది, కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వాడుకలో తరిగిపోయేది కాదు. అది మూసి ఉన్న పెట్టెలో తిరిగే ద్రవం. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ రోజు పోసిన వారు ఎందుకు తగ్గిందో చూడకుండా పోసి పంపించారు. కారే చోటు అలాగే ఉంటే ఈ రెండు నెలల్లో మళ్లీ తగ్గి ఉంటుంది.

ఇప్పుడు మీరు చెప్పిన లక్షణాలను దాని పక్కన పెట్టి చూడండి. మీ కారులో ఉన్నది టార్క్ కన్వర్టర్ రకం గేర్‌బాక్స్, అంటే ఇంజిను శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది. అందులో గేరు పడటమంటే లోపలి సన్నని క్లచ్ ప్లేట్లు ఆయిల్ ఒత్తిడితో ఒకదానికొకటి అదుముకోవడమే. ఆ ఒత్తిడిని పుట్టించే పంపు ఇంజినుతో పాటు తిరుగుతూ అడుగున ఉన్న ఆయిల్‌ను పీల్చుకుంటుంది. ఆయిల్ మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా పీలుస్తుంది. అందువల్ల పొద్దున్నే ఒత్తిడి పుట్టడానికి ఎక్కువ సమయం పట్టి, బండి ఆలస్యంగా, కుదుపుతో కదులుతుంది. ఎండలో ఆయిల్ పలచబడ్డాక ఒత్తిడి చాలక ప్లేట్లు జారుతాయి, కనుకనే మూడో గేరు పడేటప్పుడు ఇంజిను అరుస్తుంది. మలుపులో ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు నోటికి అందకుండా పోతుంది, అప్పుడే బండి పట్టు వదులుతుంది. ఈ మలుపు లక్షణాన్ని షెడ్డులో చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పి ఉంటే, విన్నవారు ముందుగా ఆయిల్ మట్టం చూపే కడ్డీ తీసి చూడవలసింది. ప్లేట్లు అరిగిపోయిన గేర్‌బాక్స్ మలుపులో ఒకలా, తిన్నటి రోడ్డు మీద ఒకలా జారదు.

టోల్ ప్లాజా దగ్గర జరిగినది కూడా ఇందులోకే వస్తుంది. గేర్‌బాక్స్ కంప్యూటరు, లోపలికి వచ్చే వేగాన్నీ బయటికి పోయే వేగాన్నీ పోల్చుకుంటూ ఉంటుంది. ఆ రెండింటి లెక్క కుదరకపోతే, అంటే ప్లేట్లు జారుతున్నాయని తోస్తే, మరింత నష్టం జరగకుండా గేర్లు మార్చడం మానేసి ఒకే గేరులో ఉండిపోతుంది. నాలుగు గేర్ల పెట్టెల్లో చాలావాటికి అది మూడో గేరు. ఆగిన బండి మూడో గేరులో బయలుదేరితే మీరు రాసినట్టే బరువుగా పాకుతుంది. ఇంజిను కట్టేసి తీస్తే కంప్యూటరు మళ్లీ మొదటినుంచి చూసుకుంటుంది కాబట్టి మామూలైంది. లైటు ఆరిపోయినా దాని వెనుక ఉన్న లోపం కోడ్ కొంతకాలం మెమొరీలో నిలిచి ఉంటుంది, దాన్ని చదివించవచ్చు.

అయితే ఉత్తరం చదివి ఆయిల్ తగ్గడమే కారణమని తీర్పు చెప్పడం, బండిని ఒక చుట్టు తిప్పి గేర్‌బాక్స్ పోయిందని చెప్పడం కన్నా మెరుగైన పనేమీ కాదు. అందుకని, పెద్ద ఖర్చుకు ఒప్పుకునే ముందు చేయించవలసిన పరీక్షలు చెబుతాను. వీటిలో మొదటిది మీ ఇంటి ముందే, మీ ఎదుటే జరగాలి.

బండిని చదునైన చోట నిలిపి, పావుగంట నడిపి వేడెక్కించిన తరువాత, ఇంజిను ఆడుతూ ఉండగానే, బ్రేకు తొక్కిపట్టి లివర్‌ను ఒక్కో స్థానంలో కొన్ని క్షణాలు ఉంచుతూ అన్నిటి గుండా తిప్పి తీసుకురావాలి. చివరికి పి (పార్కింగ్) లో ఉంచాలా ఎన్ (న్యూట్రల్) లో ఉంచాలా అన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అప్పుడు గేర్‌బాక్స్ కడ్డీ తీసి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడాలి. ఇంజిను ఆయిల్ కడ్డీ వేరు, ఇది వేరు. ఇంజిను ఆపి చూసినా, చల్లగా ఉన్నప్పుడు చూసినా మట్టం తప్పుగా కనిపిస్తుంది, షెడ్డుల్లో సర్వసాధారణంగా జరిగే పొరపాటు ఇదే. కొన్ని కార్లకు ఈ కడ్డీ ఉండదు. మీ కారుకు లేకపోతే, కింద ఉండే బిరడా తీసి మట్టం చూడటం తెలిసినవారి చేతనే చేయించాలి.

కడ్డీ చివర ఉన్న చుక్కను తెల్ల కాగితం మీద వేయండి. ఎరుపు గానీ లేత గోధుమ రంగు గానీ ఉంటే ఆయిల్ పాతదైనా ప్లేట్లు బతికే ఉన్నాయని ఆశపడవచ్చు. నల్లగా ఉండి మాడిన వాసన వేస్తే ప్లేట్లు కాలాయన్నమాట. కాగితాన్ని ఎండలో పెట్టి చూసినప్పుడు సన్నని మెరుపులు కనిపిస్తే లోపల లోహం అరుగుతోంది. పాలు కలిపినట్టు గులాబీ రంగు నురగగా ఉంటే నీళ్లు కలిశాయి. అదే రాత్రి బండి కింద ఒక పాత అట్టపెట్టెను విప్పి పరిచి ఉంచితే, తెల్లవారేసరికి ఎర్రటి మచ్చ ఎక్కడ పడిందో కారే చోటు ఇంచుమించుగా తెలుస్తుంది. చక్రాల యాక్సిల్ లోపలికి పోయే చోటి సీలు, అడుగు పళ్లెం గాస్కెట్, కూలర్‌కు పోయే రబ్బరు గొట్టాల క్లాంపులు, ఈ మూడింట్లో ఏదైనా అయితే గేర్‌బాక్స్ దించకుండానే బాగుపడుతుంది. ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ మధ్యనుంచి కారుతుంటే మాత్రం గేర్‌బాక్స్ దించాలి, కూలి పెరుగుతుంది.

వరద గురించి మీ భయం సహజమే. ఆ నవంబరులో నెల్లూరు పక్క పడుగుపాడు దగ్గర హైవేయే తెగిపోయింది, ఇక వీధుల్లో నిలిచిన కార్ల సంగతి చెప్పేదేముంది. కానీ నీళ్లు ఆ రోజున గేర్‌బాక్స్‌లోకి గట్టిగా దిగి ఉంటే క్లచ్ ప్లేట్ల మీది పొర ఉబ్బి, ఊడి, కొద్ది నెలల్లోనే బండి మొరాయించేది. ఇన్నేళ్లు తిరిగేది కాదు. అందుచేత వరదను నేను ముందు వరుసలో నిలబెట్టను. దాని వల్ల జరిగి ఉండగలిగింది, గేర్‌బాక్స్ మీద ఉండే వైర్ల కనెక్టర్లలోనూ, లివర్ ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకు చెప్పే స్విచ్‌లోనూ తుప్పు పట్టడం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వరద రాకపోయినా అది జరుగుతుంది. ఇప్పుడు ఆయిల్ గులాబీ నురగగా కనిపిస్తే అనుమానించవలసింది 2021 వరదను కాదు, రేడియేటర్‌ను. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది, అది చిల్లిపడితే ఆయిలూ రేడియేటర్ నీళ్లూ కలిసిపోతాయి. ఆ పరిస్థితిలో బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

రెండో పరీక్ష స్కానింగు. ఫోనుకు కలుపుకునే చవక పరికరాలు చాలావరకు ఇంజిను కంప్యూటరునే చదువుతాయి కాబట్టి, గేర్‌బాక్స్ కంప్యూటరును కూడా చదవగల స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. కావలిలో దొరకకపోతే నెల్లూరులో దొరుకుతుంది. పి0700 అని వస్తే గేర్‌బాక్స్ వైపు ఏదో కోడ్ ఉందని మాత్రమే అర్థం, అసలు కోడ్ దాని వెనుక ఉంటుంది. పి0733 వస్తే మూడో గేరు నిష్పత్తి కుదరలేదని, అంటే జారిందని. పి0715, పి0720 అయితే వేగం కొలిచే సెన్సర్ల మాట, పి0750 మొదలైనవి సోలినాయిడ్ల (ఆయిల్ దారులను తెరిచి మూసే విద్యుత్ వాల్వుల) మాట. సెన్సరు, సోలినాయిడ్, కనెక్టరు, చివరికి బలహీనపడిన బ్యాటరీ లేదా వదులైన ఎర్త్ తీగ, వీటిలో ఏది చెడినా బండి మూడో గేరులో బిగుసుకుపోవచ్చు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు మీకు చెప్పిన 85,000 దరిదాపులకు కూడా రాదు. కోడ్‌లను చెరిపేయకముందే తెరను ఫోనులో ఫొటో తీసుకోండి. చెరిపాక ఆధారం మిగలదు.

పొద్దుటి కుదుపు గురించి ఒక మాట. ఇంజినును పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చితికిపోయినా, గాలి దారిలోని థ్రాటిల్ మురికిపట్టి ఐడ్లింగ్ (నిలిచి ఉన్నప్పటి ఇంజిను వేగం) ఎక్కువగా ఉన్నా డి లో పడేటప్పుడు ఇలాగే దెబ్బ తగిలినట్టుంటుంది. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేకు తొక్కి ఆర్ (రివర్స్) కూ డి కీ మారుస్తుంటే ఇంకొకరు పక్కనుంచి (ఎదుట నిలబడకూడదు) ఇంజిను ఎంత ఎగురుతోందో చూస్తే మౌంటింగుల సంగతి తేలిపోతుంది.

ఇక ఆయిల్ మారిస్తే చాలన్న రెండో మెకానిక్ మాట. అది సగం నిజం. చుక్క ఎర్రగానో గోధుమ రంగులోనో ఉంటే, కారే చోటు బాగు చేయించి, అడుగు పళ్లెం దించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ నింపించండి. పళ్లెంలోని అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకుని ఉండటం మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే మామూలు కాదు. పళ్లెం దించేటప్పుడు మీరు పక్కన ఉండి చూడటం మంచిది. ఒకసారి వదిలితే సుమారు సగం ఆయిలే బయటికి వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి, వీలైతే మూడోసారి కూడా మార్చాలి. మెషీను పెట్టి ఒత్తిడితో కడిగే ఫ్లషింగును ఇంత వయసు గేర్‌బాక్స్‌కు నేను సిఫారసు చేయను. అడుగున పేరుకున్న మడ్డి కదిలి సన్నని వాల్వు దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

ఏ ఆయిల్ అన్నది కూడా ముఖ్యమే. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావు. షెడ్డులో ఒకే డబ్బాలోంచి అందరికీ పోసే ఎర్ర ఆయిల్ తరచుగా డెక్స్రాన్ రకానిది. కొరియా కార్ల నాలుగు గేర్ల పెట్టెలు ఎక్కువగా కోరేది ఎస్‌పీ-3 రకం, జపాను కంపెనీలు ఒక్కొక్కటి తమ సొంత రకాన్ని చెబుతాయి. ప్లేట్లు ఎంత జారి ఎంత పట్టాలన్నది ఆయిల్ గుణం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, పుస్తకంలో రాసిన పేరు డబ్బా మీద ఉంటేనే పోయనివ్వండి. సీలు వేసిన డబ్బా మీరే కొని తీసుకువెళ్లడం ఇంకా నయం. జీవితాంతం మార్చనక్కరలేని ఆయిల్ అని ఎవరైనా చెబితే, ఎవరి జీవితాంతం అని అడగవచ్చు.

చుక్క నల్లగా, మాడు వాసనతో ఉంటే మాత్రం ఆయిల్ మార్చడం మీద ఆశ పెట్టుకోకండి. కాలిన ప్లేటు కొత్త ఆయిల్‌తో కోలుకోదు. మార్చిన మర్నాడే బండి పూర్తిగా జారిపోయి, మారుస్తేనే చెడిందన్న అపవాదు మెకానిక్ మీద పడటం కూడా ఉంది. అప్పుడు మీ ముందు ఉండేవి మూడు దారులు. చెన్నైలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లే విప్పి బాగుచేసేవారు ఉన్నారు. ప్లేట్లు, సీళ్లు, టార్క్ కన్వర్టర్ కలిపి చేయిస్తే ఖర్చు, సమయం రెండూ ఎక్కువే, అయితే లోపల ఏముందో తెలిసిన గేర్‌బాక్స్ మీ చేతికి వస్తుంది. వాడిన గేర్‌బాక్స్ బిగించడం త్వరగా అయ్యే పని, కానీ అది ఏ బండిలోంచి వచ్చిందో, దాని ఆయిల్ ఎవరైనా ఎప్పుడైనా మార్చారో తెలియదు. చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేట నుంచి వచ్చినా, ఇంకెక్కడినుంచి వచ్చినా దాని మీది కోడ్ మీ గేర్‌బాక్స్ కోడ్‌తో కలవాలి, టార్క్ కన్వర్టర్‌తో సహా రావాలి, బిగించే ముందే దాని ఆయిల్ చుక్క మీకు చూపించాలి, ఎన్ని నెలలకు పూచీ అన్నది బిల్లు మీద రాయాలి. వీటికి ఒప్పుకోని వారికి 85,000 ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మూడోది అమ్మడం. 2012 బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపించి, హరిత పన్ను కట్టి, ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. గేర్‌బాక్స్ మీద పెట్టే డబ్బును దానితో కలిపి లెక్క వేసుకోవాలి. ప్లేట్లు కాలాయని తేలితే నేను మీ అబ్బాయి వైపే మొగ్గుతాను. తేలకముందు అమ్మితే, కేవలం ఒక సీలు కారడం వల్ల బండిని అగ్గువకు వదులుకున్నవారవుతారేమో.

అమ్మవలసి వస్తే తరువాత కొనే బండి గురించి ఒక జాగ్రత్త. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ రకం ఇప్పుడు చిన్న కార్లలో ఎక్కువ. అది మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే మోటారు తగిలించిన ఏర్పాటు. మీ మోకాలికి రెండూ ఒకటే, ఎడమ కాలికి పని ఉండదు. ఏఎంటీని బాగుచేయడం మన ఊరి షెడ్డుల వారికి సులభం, గేరు మారేటప్పుడు చిన్న తూగు మాత్రం అలవాటు చేసుకోవాలి. అన్నట్టు, మీ మెకానిక్ చేతికి అలవాటైనది బహుశా ఏఎంటీయే. మీ రకం గేర్‌బాక్స్‌ను విప్పని మనిషి మార్చేద్దామని అనడం దురుద్దేశంతోనే అనుకోనక్కరలేదు, తనకు చేతనైన మార్గం అదొక్కటే అయి ఉండవచ్చు.

మరిదిగారి విషయంలో ఇది మీకు అక్కరకొస్తుంది. మెకానిక్ మంచివాడా కాడా అన్న చర్చ ఇంట్లో లేవనివ్వకండి. మరిదిగారినే వెంటబెట్టుకుని వెళ్లి, ఏ కోడ్ వచ్చింది, ఆయిల్ ఏ రంగులో ఉంది, ఎక్కడ కారుతోంది అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయించమని ఆయననే అడగండి. “పని మీ స్నేహితుడి దగ్గరే చేయిద్దాం బాబూ, స్కానింగు మాత్రం నెల్లూరులో తీయించుకొస్తాం” అంటే ఎవరి మాటా పోదు. ఆ స్కానింగుకూ పరీక్షకూ విడిగా కూలి ఇచ్చి, బాగుచేయడం సంగతి తరువాత చూద్దామని చెప్పండి. పరీక్షకు డబ్బు ముట్టినవాడికి గేర్‌బాక్స్ అమ్మవలసిన తొందర ఉండదు.

ఈ లోపల బండి మళ్లీ ఆగితే తాడు కట్టించవద్దు. ఇంజిను ఆగి ఉండగా పంపు తిరగదు, పంపు తిరగకుండా ముందు చక్రాలు తిరిగితే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. మొత్తం బండిని ఎక్కించుకునే వాహనాన్నే పిలిపించండి, లేదా ముందు చక్రాలను పైకెత్తి లాగించండి. ఆయిల్ మట్టం చూసి సరిచేసేంతవరకు బడికి కూడా ఆ బండిలో వెళ్లకపోవడమే మేలు. తక్కువ ఆయిల్‌తో నడిపే ప్రతి రోజూ ఇప్పటికి బాగున్న ప్లేట్లను కాల్చే అవకాశం ఉంది. ఆ కొద్దిరోజులు సహోద్యోగుల బండిలోనో ఆటోలోనో వెళ్లిరండి.

తిరుమల ప్రయాణానికి నా సమాధానం, ఈ కారులో వద్దు. మట్టం సరిచేసి, రెండోసారి ఆయిల్ మార్చి, కొన్ని వారాలు మలుపుల్లోనూ మధ్యాహ్నపు ఎండలోనూ ఎక్కడా జారకుండా నడిచాకైతే వేరే మాట. అప్పుడు కూడా ఘాట్ దిగేటప్పుడు లివర్‌ను డి లో వదిలేయకుండా 2 లో ఉంచి దిగాలి. వచ్చే నెలకే వెళ్లదలచుకుంటే కావలి నుంచి గూడూరు మీదుగా తిరుపతికి రైలుంది, కొండపైకి బస్సులున్నాయి.